వెన్ను డిస్కులు: బరువు, వయసు, మన అలవాట్లు

విద్యార్థులు ఇంట్లోనే చేసి చూడదగిన చిన్న ప్రయోగం ఒకటుంది. ఉదయం లేవగానే ఎత్తు కొలవండి. రాత్రి పడుకునే ముందు మళ్ళీ కొలవండి. రాత్రికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గి ఉంటారు. ఇందుకు ముఖ్య కారణం వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు.

మన వెన్నులో ఇవి 23. ఒక్కొక్క డిస్కు మధ్యలో నీటిని పట్టి ఉంచే గుజ్జు, చుట్టూ గట్టి నారపొరల వలయం ఉంటాయి. పగలు శరీరపు బరువుకు కొంత నీరు బయటికి పోతుంది. రాత్రి పడుకున్నప్పుడు తిరిగి చేరుతుంది. పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళాలు దాదాపు వెళ్ళవు. పై, కింది ఎముకల నుంచి పోషకాలు మెల్లగా ఊరి చేరవలసిందే. కాబట్టి డిస్కుకు కదలికా అవసరమే, విశ్రాంతీ అవసరమే.

1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి నడుము డిస్కులో సూక్ష్మ పరికరం అమర్చి ఒత్తిడిని కొలిచారు. పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్, నిలబడినప్పుడు 0.5. 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తితే 2.3, మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7. బరువు ఒకటే, ఎత్తే తీరులోనే తేడా. నీళ్ళ బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

వయసుతోపాటు గుజ్జులో నీరు తగ్గుతుంది, వలయంలో చిన్న చీలికలు వస్తాయి. గుజ్జు వెలుపలికి పొడుచుకువచ్చి నరాన్ని నొక్కితే నొప్పి కాలిలోకి పాకుతుంది. అయితే అరుగుదల అంతా బరువు పని వల్లనే కాదు. ఫిన్లాండులో కవలలపై జరిగిన పరిశోధనల్లో వంశపారంపర్యం పాత్రే ఎక్కువని తేలింది. నొప్పి లేనివారి స్కానింగులను 2015లో క్రోడీకరించి చూడగా, 20 ఏళ్ళవారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. కనుక రిపోర్టులో "డిస్కు అరిగింది" అన్న మాట చూడగానే భయపడి, నాన్నగారిని పనికి దూరం చేసి మంచానికి పరిమితం చేయకండి. డాక్టరు సలహా మేరకు నడక, వ్యాయామం మేలు చేస్తాయి.

పరీక్షలకు చదివే పిల్లలు గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోకూడదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. పుస్తకాల సంచి పిల్లల బరువులో పదో వంతు దాటరాదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం చెబుతోంది. పొగతాగడం డిస్కుకు కూడా చేటే.

నడుం నొప్పితోపాటు కాళ్ళు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రంపై అదుపు తప్పినా ఆలస్యం చేయక వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.