అరవైకి ఇరవై రెండు: పోయిన మార్కులు ఎక్కడ పోయాయి?

సీఈటీ మ్యాథ్స్‌లో 60కి 22 వచ్చాయనగానే ఇంట్లో మొదట వినిపించే మాట "వీడికి లెక్కలు రావు" అనే. బెంగళూరు బళేపేటలో గాజుల దుకాణమో, వీణలూ తబలాలూ అమ్మే కొట్టో నడుపుకొనే తెలుగు ఇళ్లలోనూ అంతే. అదే ఇంట్లో రాత్రి షట్టరు దించాక నష్టం తేలితే మాత్రం "మనకు వ్యాపారం రాదు" అనుకోరు. ఏ సరుకు మీద ఎంత పోయిందో విడివిడిగా చూస్తారు. మార్కుల విషయంలోనూ ముందు చేయాల్సింది ఆ పనే.

కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ (కేఈఏ) నిర్వహించే సీఈటీలో మ్యాథ్స్‌కి 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. అంటే ప్రశ్నకు 80 సెకన్లు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఈ నియమాలతో ఒక ఊహా విద్యార్థి పేపరు తీసుకుందాం. తెలిసి సరిగ్గా చేసినవి 18. పద్ధతి తెలిసీ కూడికలోనో, గుర్తులోనో తప్పినవి 8. వచ్చినా టైమ్ చాలక వదిలేసినవి 7. మిగిలిన 27 అసలు రానివి. వాటిలో 16కి ఉజ్జాయింపుగా దిద్దితే 4 తగిలాయి, 11 ఖాళీగా పోయాయి. మొత్తం 22.

ఖాళీగా వదిలినవి 18 ఉన్నాయి కదా. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి దిద్దినా సగటున నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే 18కి నాలుగున్నర మార్కులు. కోత లేని పరీక్షలో ఓఎంఆర్ షీటు మీద ఖాళీ గడి వదిలామంటే వచ్చే మార్కు వద్దన్నట్టే. చివరి ఐదు నిమిషాలు ఆ గడుల కోసమే అట్టిపెట్టుకోవాలి. ఇక లెక్క తప్పిన 8లో సగం ఆపగలిగితే మరో 4. కొత్త పాఠం ఒక్కటీ చదవకుండానే 22 కాస్తా 30 అయింది. పిల్లవాడికి ముందుగా చెప్పాల్సింది ఈ మాట. "రావు, రావు" అని విని విని పుస్తకం ముట్టడానికే జంకుతున్నవాడికి మరీ ముఖ్యం.

తరువాత చూడాల్సింది ర్యాంకు ఎలా కడతారన్నది. కర్ణాటకలో ఇంజనీరింగ్ ర్యాంకుకు సీఈటీ సగం, సెకండ్ పీయూసీలో (పన్నెండో తరగతి) ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులు సగం. సీఈటీ మొత్తం 180, పీయూసీ మొత్తం 300. నూటికి లెక్కేస్తే సీఈటీలో ఒక్కో మార్కు విలువ 0.28, పీయూసీలో ఒక్కో మార్కు విలువ 0.17. పైన చెప్పిన 8 మార్కులు తెచ్చేది 2.2. పీయూసీ మ్యాథ్స్‌లో 60 వచ్చే పిల్లవాడు 80 తెచ్చుకుంటే 3.3. కోచింగ్ హడావుడిలో కాలేజీ పరీక్షను పక్కన పెట్టే పిల్లల్ని చూస్తే నాకు బాధ కలిగేది ఇందుకే. పీయూసీ మ్యాథ్స్‌లో 80 మార్కులకు రాత పరీక్ష, 20 ఇంటర్నల్. రాతలో విడమర్చి చేసే లెక్కలకు మెట్టు మెట్టుకూ మార్కు ఉంటుంది, చివరి జవాబు తప్పినా కొంత దక్కుతుంది. సీఈటీ గడికి ఆ దయ లేదు.

హైదరాబాద్‌లో ఉన్న పెదనాన్న కొడుకు ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ మార్కులతో పోల్చి పిల్లల్ని నొప్పించడమూ మన ఇళ్లలో మామూలే. అక్కడి పేపర్లో 160 ప్రశ్నలకు 80 మ్యాథ్సే. తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి ర్యాంకులో సగం బరువు మ్యాథ్స్‌దే. ఇక్కడ సీఈటీ, పీయూసీ రెండూ కలిపి చూసినా మ్యాథ్స్ వాటా మూడో వంతు. ఆ రెండు పరీక్షల మార్కుల్ని పక్కపక్కన పెట్టి ఏమీ తేల్చలేం.

ఇక అసలు రాని 27. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో 13 అధ్యాయాలున్నాయి, అన్నిటికీ ఒకే శ్రమ పట్టదు. సమాకలనం పెద్ద కొండ. దాన్ని ఎక్కకుండా అవకలన సమీకరణాలు, వైశాల్యాలు సాగవు. కానీ మాత్రికలు, నిర్ధారకాలు, సదిశలు, త్రిమితీయ రేఖాగణితం, సంభావ్యత, లీనియర్ ప్రోగ్రామింగ్‌లకు దాని అవసరం లేదు. పైగా 2022లో పాఠ్యాంశాలు తగ్గించినప్పుడు త్రిమితీయంలో తలాల భాగం, నిర్ధారకాల ధర్మాల భాగం తొలగించారు. ఇప్పుడు త్రిమితీయమంటే ప్రధానంగా సరళరేఖలే. టైమ్ తక్కువున్నవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడమే తెలివైన పని.

పాత గైడ్లతో జాగ్రత్త. 2024 సీఈటీలో సిలబస్‌లో లేని ప్రశ్నలొచ్చాయని పెద్ద గొడవ జరిగింది. చివరికి నాలుగు సబ్జెక్టుల్లో కలిపి 50 ప్రశ్నల్ని మూల్యాంకనం నుంచి తీసేశారు. వాటిలో మ్యాథ్స్‌వి 15. ఆ ఏడాది పేపరైనా అంతకు ముందువైనా సాధన చేసేటప్పుడు ముందు ఇప్పటి సిలబస్‌తో సరిచూసుకుని, లేని ప్రశ్నల్ని కొట్టేయాలి. లేకపోతే రాని లెక్క మీద గంట పోతుంది, దానితో ధైర్యమూ పోతుంది.

జేఈఈ మెయిన్ కూడా రాసేవాళ్లు ఒక అలవాటు మార్చుకోవాలి. అక్కడ మ్యాథ్స్‌లో 25 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత. రెండు ఆప్షన్లు కాదని తేలిపోయాక ఊహిస్తే సగటున ఒకటిన్నర మార్కు లాభం. గుడ్డిగా దిద్దితే మిగిలేది పావు మార్కే. సంఖ్య రాయాల్సిన 5 ప్రశ్నల్లో ఊహ దాదాపు ప్రతిసారీ మార్కు పోగొడుతుంది. జేఈఈ భయంతో సీఈటీలో గడులు ఖాళీగా వదిలే పిల్లలున్నారు. రెండు పరీక్షల మాక్ టెస్టుల్నీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు నియమాలతో రాయించడమే దీనికి మందు.

జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, మెరుగైన స్కోరే లెక్క. సీఈటీ ఒక్కసారే. అయితే 2023-24 నుంచి కర్ణాటకలో సెకండ్ పీయూసీ పరీక్షను ఏడాదిలో ఒకటికంటే ఎక్కువసార్లు రాయొచ్చు, సబ్జెక్టులో ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తాయి. కాబట్టి అదే ఏడాదిలో మ్యాథ్స్‌ను చక్కదిద్దుకోవడానికి సీఈటీ రాసిన పిల్లవాడికి మిగిలిన దారి పీయూ పరీక్ష-2. మెరుగుపడిన మార్కులను ర్యాంకుకు ఏ తేదీ వరకు తీసుకుంటారో ఆ ఏటి కేఈఏ ప్రకటనలో చూసుకుని, పరీక్ష-1 ఫలితాలు వచ్చిన వారంలోనే ఫీజు కట్టేయడం మంచిది.