పాత వరదలు, కొత్త అబద్ధం

అపోహ: మంచుయుగంలో ఇప్పటికన్నా పెద్ద వరదలొచ్చాయి. అప్పుడు కార్లు లేవు, బొగ్గు కరెంటు లేదు. కాబట్టి ఇప్పుడు భూమి వేడెక్కడానికి మనిషి కారణం కాదు.

వాస్తవం: మొదటి రెండు మాటలూ నిజం. అందుకే మూడోదాన్నీ నమ్మేస్తున్నారు. హిమాలయాల్లో మంచు సరస్సులు తెగే ముప్పుందని ఎంత చెప్పినా, ఎప్పుడూ ఉన్నదే అని కొట్టిపారేస్తున్నారు.

ఆ వరదల సంగతి చూడండి. సుమారు 15 వేల ఏళ్ల కిందట ఇప్పటి ఐడహోలో క్లార్క్ ఫోర్క్ నదికి మంచు అడ్డం పడింది. వెనక మోంటానా లోయల్లో 600 మీటర్ల లోతున మిస్సౌలా సరస్సు నిలిచింది. నీటి ఒత్తిడికి మంచుకట్ట తెగి, సరస్సంతా రోజుల్లో ఖాళీ అయింది. మళ్లీ అడ్డుపడడం, మళ్లీ తెగడం: ఇలా పదుల సార్లు. ఆ సరస్సు ఒడ్డుల గీతలు మిస్సౌలా పట్టణం పక్క కొండ మీద మెట్లలా ఇప్పటికీ కనిపిస్తాయి.

కట్ట ఎలా తెగిందన్నది వేరు, భూమి ఎందుకు వేడెక్కిందన్నది వేరు. మంచుయుగం ముగింపుకు భూకక్ష్యలో మార్పులు నాంది పలికాయి, కార్బన్ డయాక్సైడ్ ఆ వేడిని పెంచింది. అలా సుమారు 5 డిగ్రీలు పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. ఇప్పుడు 150 ఏళ్లలోనే ఒక డిగ్రీ దాటింది. భూకక్ష్య ఇంత తొందరగా మారదు. గాలిలో పెరిగిన కర్బనం ప్రధానంగా బొగ్గు, చమురులదేనని దాని ఐసోటోపులే పట్టిస్తున్నాయి. ఇంకా ఏం రుజువు కావాలి?

శాస్త్రవేత్తలూ పొరబడతారనే వాదనను మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. ఆ మంచుయుగపు వరదల గురించి 1923లో హార్లెన్ బ్రెట్జ్ రాస్తే, తోటి భూగర్భ శాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు నమ్మలేదు. అయితే ఆయన ఊరికే ఎదురు చెప్పలేదు, ఆ వరదలు పారిన నేలంతా తిరిగి సాక్ష్యాలు చూపాడు.

ఈ పాత వరదలను చూపి, ఒకే జలప్రళయం లోకమంతా ముంచిందనడం కూడా తప్పు, అలాంటి ప్రళయం వదిలే మట్టి పొర ప్రపంచమంతటా ఎక్కడా పరుచుకుని లేదు. మంచు కరిగిన నీరు వాతావరణాన్ని ఏమీ చేయదన్నదీ తప్పే: 8,200 ఏళ్ల కిందట కెనడాలోని అగాసిజ్ సరస్సు హడ్సన్ అఖాతంలోకి ఖాళీ కావడంతో ఉత్తర అట్లాంటిక్ చల్లబడింది, మన రుతుపవనాలూ బలహీనపడ్డాయి.

హిమాలయాల్లో మంచు కరిగి ఏర్పడే సరస్సులకు కట్ట చాలాచోట్ల హిమానీనదం వదిలేసిన రాళ్లూ మట్టే. 2013లో కేదార్‌నాథ్ పైన చోరాబారీ సరస్సు కట్ట తెగింది. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు పొంగి చుంగ్‌థాంగ్ దగ్గర డ్యామునే ఊడ్చుకుపోయింది. మంచు కరిగేకొద్దీ ఇలాంటి సరస్సులు పెరుగుతున్నాయి.

చార్‌ధామ్ యాత్రకు వెళ్లేవారు వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. నది ఒడ్డున గది తీసుకోకండి. నీరు ఒక్కసారిగా బురదగా మారినా, ఉన్నట్టుండి తగ్గిపోయినా సామాను వదిలేసి పైకి ఎక్కండి. తగ్గిందంటే, ఎగువన ఎక్కడో అడ్డుపడి ఉండవచ్చు.