ఎవరి కంటా పడని మందు

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే దేశాల్లో 5,029 మంది మహిళలు పాల్గొన్న ‘వాయిస్’ అధ్యయనం ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. హెచ్‌ఐవీ సోకకముందే రోజూ మాత్ర వేసుకుంటే, లేదా జెల్ రాసుకుంటే వైరస్‌ను ఆపగలమా అన్నది అక్కడ తేల్చాల్సిన విషయం. మందు వాడుతున్నామని ఆ మహిళలు చెప్పిన లెక్క తొంభై శాతం దగ్గర తేలింది. రక్తం తీసి చూస్తే పాతిక నుంచి ముప్పై శాతం నమూనాల్లోనే మందు ఆనవాలు దొరికింది. వాడని మందు ఎవరినీ కాపాడలేదు. పైపైన చూసేవారికి ఇది నిర్లక్ష్యంగానో అబద్ధంగానో కనిపిస్తుంది. తర్వాత అదే మహిళల్లో కొందరిని కూర్చోబెట్టి అడిగినప్పుడు బయటపడ్డ కారణాలు వేరు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు మింగే మందు డబ్బా తమ దగ్గర కనిపిస్తే తమకూ ఆ జబ్బు ఉందనుకుంటారని కొందరు భయపడ్డారు. ఇంట్లో మగవాడికి ఏం చెప్పాలో తెలియక కొందరు ఆగిపోయారు. ఒంట్లో ఏ రోగమూ లేనప్పుడు ఇంత బలమైన మందు ఏం చేస్తుందోనన్న దిగులు మరికొందరిది. వాళ్లు వద్దన్నది రక్షణను కాదు, ఆ రక్షణ పదిమంది కంటా పడటాన్ని. హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్నవారికి నివారణ ఇంజెక్షన్ల పట్ల ఉన్న వైఖరిని అర్థం చేసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

2024లో వెలువడ్డ ‘పర్పస్ 1’ అధ్యయనం ఫలితాలను ఈ కోణంలో చూడండి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో లెనకాపవిర్ అనే నివారణ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. రోజువారీ మాత్రలు ఇచ్చిన రెండు బృందాల్లో 1,068 మందిలో 16 మందికీ, 2,136 మందిలో 39 మందికీ సోకింది. చాలామంది మాత్రలు సరిగా వేసుకోలేదని అక్కడా రక్తపరీక్షలే చెప్పాయి. లెనకాపవిర్ వైరస్ జన్యుపదార్థాన్ని కాపాడే పైతొడుగును దెబ్బతీస్తుంది. పొట్ట దగ్గర చర్మం కింద ఎక్కిస్తే అక్కడే నిల్వ ఉండి, ఆరు నెలల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. మొదటి రెండు రోజులు మాత్రలు కూడా వేసుకోవాలి, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు సూది చాలు. దిండు కింద దాచాల్సిన డబ్బా ఉండదు, రోజూ ఎవరి కళ్లో కప్పాల్సిన అవసరం ఉండదు. రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రావిర్ అనే మరో ఇంజెక్షన్‌ను ఆఫ్రికా మహిళల్లో పరీక్షించాక, సూదా మాత్రా మీరే ఎంచుకోండని అన్నప్పుడు నూటికి 78 మంది సూదినే అడిగారు. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేయించుకునే ఇంజెక్షన్ ఆ ప్రాంతంలో ఏనాటి నుంచో అలవాటు. సూది వాళ్లకు కొత్త కాదు.

అయితే మాత్ర పనికిరాదని దీన్నిబట్టి తీర్మానించడం పొరపాటు. మైసూరులో ఆశోదయ సమితి, కోల్‌కతా సోనాగాచిలో దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ 1,300 మందికి పైగా సెక్స్ వర్కర్లకు ఇవే నివారణ మాత్రలు అందించాయి. రెండుచోట్లా మహిళలు మందును శ్రద్ధగా వాడారు. అక్కడ మందు అందించిందీ, అనుమానం తీర్చిందీ సెక్స్ వర్కర్ల సొంత సంఘాలే. దాచాల్సిన అవసరం తగ్గిన చోట మాత్ర కూడా పనిచేసిందన్నమాట. మనుషులు మారలేదు, మందు అందే పరిస్థితి మారింది. అటువంటి సంఘం అండ లేని ఒంటరి మహిళకూ, ఊరికి తెలియకుండా బతికే స్వలింగ సంపర్కుడికీ సూది ఇచ్చే చాటు చాలా విలువైనది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. రహస్యంగా కాపాడుకునే వీలు కల్పిస్తే వివక్షను అలాగే వదిలేసినట్టు కాదా? అవును, సూది వివక్షను పోగొట్టదు. కానీ సమాజం మారేదాకా ఆగమని ఈ రాత్రి ముప్పులో ఉన్న మనిషికి చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు. కండోమ్ మానేస్తారన్నది మరో అభ్యంతరం. ఇందులో కొంత నిజం ఉంది. సిఫిలిస్, గనేరియాలను ఈ ఇంజెక్షన్ ఆపదు, కాబట్టి కండోమ్ అవసరం తీరిపోదు. కానీ కండోమ్ వాడాలంటే మగవాడు ఒప్పుకోవాలి. అతను ఒప్పుకోని చోట కండోమ్ పాఠం చెప్పి పంపడం రక్షణ ఇవ్వడం కాదు. పైగా చాటు కూడా పూర్తిగా దొరకదు. సూది వేసిన చోట చర్మం కింద చిన్న గడ్డలు ఏర్పడటం పర్పస్ 1లో సగానికి మించిన మందిలో కనిపించింది. వాటి వల్ల మందు మానేసినవారు అతి తక్కువే అయినా, పొట్ట తడిమితే తగిలే గడ్డ సంగతి ముందే చెప్పకపోతే నమ్మకం మొదటి నెలలోనే పోతుంది.

నమ్మకం విషయంలో తెలుగునేలకు సొంత చరిత్ర ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలతో సహా వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి సంతకాలు పెట్టిన సంగతి తర్వాత బయటపడింది. 2010లో దాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్నాక చనిపోయిన కొందరు బాలికల మరణాలకు అది కారణం కాదని విచారణలో తేలినా, సమ్మతి తీసుకున్న తీరును మాత్రం ఎవరూ సమర్థించలేకపోయారు. పేదల మీద ప్రయోగాలు చేస్తున్నారా అని ఒక సెక్స్ వర్కరో ట్రాన్స్‌జెండరో అడిగితే దాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయకూడదు. అది అనుభవం నేర్పిన ప్రశ్న. పైగా ఒకసారి ఎక్కించాక లెనకాపవిర్‌ను ఒంట్లోంచి వెనక్కి తీయలేం. సూదులు ఆపేశాక నెలల తరబడి కొద్ది మోతాదులో అది మిగిలే ఉంటుంది. ఆ సమయంలో వైరస్ సోకితే అది మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. ఈ మాట సూది వేయకముందే, వాళ్ల భాషలో, వాళ్లు నమ్మే మనిషి నోటి నుంచి రావాలి.

అమెరికాలో లెనకాపవిర్‌కు 2025 జూన్‌లో అనుమతి వచ్చినప్పుడు పెట్టిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. అదే మందును 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే, అంటే మూడున్నర వేల రూపాయలకు, పేద దేశాలకు అందించేందుకు ఒప్పందాలు కుదుర్చుకున్నవి రెండూ హైదరాబాద్ కంపెనీలే: హెటెరో, డాక్టర్ రెడ్డీస్. అదే హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడింది. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో వేరే పేరుతో మళ్లీ తెరిచారు. మందు ధరను దించడం మనకు తెలుసు, ఆ మందు కోసం భయం లేకుండా అడుగుపెట్టే గది మాత్రం ఎవరి విరాళం మీదో ఆధారపడి ఉంది. ఆ గదుల ఖర్చును ప్రభుత్వ బడ్జెట్టే భరించాలి. గర్భిణుల పరీక్షలు, కుటుంబ నియంత్రణ సేవలు అందే చోటే ఈ సూదీ వేస్తే, ఏ వరుసలో ఎందుకు నిలబడ్డారో ఎవరూ పోల్చుకోలేరు. ఊళ్లు మారుతూ బతికేవారికి ఆరు నెలల తర్వాతి సూది ఏ ఊళ్లోనైనా దొరకాలి. అందుకు తగ్గ రికార్డు వాళ్లతోపాటే వెళ్లాలి, దాని మీద పేరు మాత్రం ఉండకూడదు.