మీ ఇంటికి వచ్చిన విద్యార్థి వ్రాయు దినచర్య పుస్తకము

వ్యవసాయ బి.యస్సి. చదువు నాలుగు సంవత్సరములు. చివరి సంవత్సరమున విద్యార్థులు తరగతి గదిని విడిచి, కొన్ని నెలలు గ్రామములలో నుండి, రైతుల వెంట పొలమునకు పోయి పని నేర్చుకొందురు. దీనిని గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమమందురు. 1992లో రంధావా కమిటీ చేసిన సిఫారసు మీద దేశములోని వ్యవసాయ కళాశాలలు దీనిని పాఠ్యక్రమములో చేర్చుకొన్నవి. 2015 నుండి ఇది ‘స్టూడెంట్ రెడీ’ అను పథకములో భాగమైనది. 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులకును ఇది చదువులో భాగమే.

పల్లెలో నున్నన్నాళ్ళు విద్యార్థికి ముఖ్యమైన ఇంటిపని ఒకటి కలదు. ఆ దినము చూచినది, విన్నది, చేసినది పుస్తకములో వ్రాయుట. దానికి మార్కులుండును. మోపిదేవి చుట్టుపట్ల రైతు సోదరులు, సోదరీమణులు ఇట్టి విద్యార్థికి ఆశ్రయమిచ్చినచో ఆ పుస్తకము కళాశాలకు సంబంధించినది, మనకేమని ఊరకుండరాదు. అందులో వ్రాయబడునది మీ పొలమే.

ఈ పద్ధతి మన దేశములోనే పుట్టినది కాదు. 1908లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున నార్తాంప్టన్ పట్టణములోని వ్యవసాయ పాఠశాలకు అధిపతియైన రూఫస్ స్టిమ్సన్ అను ఉపాధ్యాయుడు, పిల్లలు తమ ఇంటి పొలములో ఒక పంటనో పశువునో స్వయముగా చూచుకొని లెక్కలు వ్రాసి తెచ్చుటయే పాఠముగా ఏర్పరచెను. 1917లో ఆ దేశపు శాసనము వ్యవసాయ విద్యార్థికి సంవత్సరములో కనీసము ఆరు నెలల పొలము పని విధించెను. అచ్చట పిల్లవాడు వ్రాసినది తండ్రి చూచెడివాడు. లెక్క తప్పినచో ఇంటిలోనే తెలిసిపోవును.

మనకు లోపించినది ఆ చూచుటయే. పుస్తకమును అధ్యాపకుడొక్కడే, అదియు చివర చదువునని తెలిసినప్పుడు, నెల దినముల దినచర్య ఒక్క రాత్రిలో పూర్తియగుట వింత కాదు. చేవ్రాత ముత్యములవలె నుండును, అట్టకు రంగు కాగితముండును, లోపల పొలము మాత్రముండదు. మాదిరికి ఇట్టి వ్రాత చూడుడు: ‘నేడు వరి పొలమును దర్శించితిమి. దోమ కలదు. రైతునకు తగు సలహా ఇచ్చితిమి.’ ఇది ఏ యూరికైనను, ఏ సంవత్సరమునకైనను సరిపోవును. కనుక ఎవరికిని పనికిరాదు.

అదే దినమును మరియొక విధముగా వ్రాయవచ్చును: ‘సాంబమసూరి, పిలకల దశ. గట్టునకు దూరముగా మడి నడుమ ఐదు చోట్ల దుబ్బులు వంచి తట్టి చూచితిమి. 6, 9, 14, 12, 8 దోమలు. గట్టు ప్రక్కన రెండే. నాట్లలో కాలిబాటలు తీయలేదు. ఈ మడికి యూరియా ఎక్కువ పడినదని బాబాయిగారు చెప్పిరి. నీరు తీసి ఆరబెట్టవలెనని అనుకొంటిమి.’ చదివినవారికి సంగతి తెలియుచున్నది. పిలకల దశలో దుబ్బుకు పది పదిహేను దోమలు చేరినచో మందు ఆలోచింపవలెను. ఇచ్చట సగటు పదికి చేరువగా నున్నది. మూడు దినములకు మరల అయిదు చోట్ల లెక్కించి వ్రాసినచో, నీరు తీసినందున తగ్గినదో లేదో కాగితము మీదనే కనబడును. గట్టు మీద నిలబడి చూచిన వానికి రెండే దోమలు కనబడినవన్న మాట కూడ పాఠమే.

చేతి ఫోనుతో ఫోటో తీయుట నేడు తేలిక. తీయనిండు. కాని ఫోటో దోమను చూపును గాని, అది ఎన్నాళ్ళుగా నున్నదో, మడిలో నీరు ఎప్పుడు తీసిరో చెప్పదు. వెనుక కరణముగారి అడంగలులో ఏ నంబరులో ఏ పంట యను సంగతి మాత్రము ఉండెడిది, ఎట్లు పండినది, ఎందుకు పోయినది యను మాట ఉండెడిది కాదు. ఆ ఖాళీని పూరింపగల కాగితము ఈ దినచర్య.

మన మాగాణి మినుమునే చూడుడు. వరి కోతకు రెండు మూడు దినముల ముందు, నిలిచియున్న పైరులోనే పదును చూచి ఎకరమునకు 16 నుండి 18 కిలోల విత్తనము వెదజల్లుట డెల్టా అలవాటు. యంత్రముతో కోయించినచో చక్రముల క్రింద మొలక నలిగి, నేల అణగిపోవును. అందుచేత కొందరు కోత తరువాత చల్లుచున్నారు. ఏది మేలు? ఈ ప్రశ్నకు మీ పొలములోనే జవాబు కలదు. చివరి నీరు తీసిన తేదీ, చల్లిన తేదీ, కోసిన తేదీ, పది దినములకు చదరపు మీటరులో నిలిచిన మొక్కలు, పల్లాకు తెగులు మొదట కనబడిన తేదీ, ఈ ఐదును రెండు మళ్ళలో వ్రాసి యుంచినచో చాలును. మీకు సమీపముననున్న ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రమునకు పోయి అడుగునప్పుడు ‘మినుము సరిగా లేదండీ’ అనుటకును, ఈ కాగితము చూపుటకును చాల భేదమున్నది.

నష్టము వచ్చినప్పుడును ఇంతే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. 2024 సెప్టెంబరు రెండవ దినమున ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటినది. లంకలలో పసుపు, అరటి వేసిన వారికి అది యెట్టి దినమో చెప్పనక్కరలేదు. పంట 33 శాతము గాని, అంతకు మించి గాని పోయినచో ప్రభుత్వపు పెట్టుబడి రాయితీకి అర్హత కలుగును. విద్యార్థి పుస్తకము అధికార పత్రము కాదు, దాని మీద రాయితీ రాదు. అయినను నీరు ఎన్ని దినములు నిలిచినది, తీసిన పిమ్మట దుంప కుళ్ళినదా, మిగిలిన మొక్క తేరుకొన్నదా యను సంగతులు మరుసటి వరదకు పనికివచ్చును. గణన ముగిసిన తరువాత వీనిని అడుగు వారుండరు.

కనుక రాత్రి భోజనమైన పిమ్మట ఒక పావుగంట విద్యార్థిని కూర్చుండబెట్టి చదివించుడు. ‘బాబాయిగారూ, మీరన్నది ఇట్లు వ్రాసినాను, సరియేనా?’ అని అడుగుట అతనికి మొదట సిగ్గుగా నుండును. నాలుగు దినములలో పోవును. తప్పున్నచో చెప్పుడు. దానిని కొట్టివేసి ప్రక్కన సరిచేయమనుడు, పేజీ చించనీయకుడు. కొట్టివేతలున్న పుస్తకమునకు మార్కులు తగ్గించు పద్ధతి ఎచ్చటనైన నున్నచో అధ్యాపకులు దానిని మానుట మేలు. పొలములో వ్రాసిన పుస్తకమునకు కొంత బురద అంటియుండుట సహజము.

ఇంకొక సంగతి. విద్యార్థి ఎవరి అరుగు మీద కూర్చుండునో వారి మాటయే పుస్తకములోనికి ఎక్కును. మన డెల్టాలో చాలచోట్ల పొలము ఒకరిది, సేద్యము కౌలుదారునిది. నారు తీసి నాటు వేయు స్త్రీలకు ఏ మడిలో కలుపు ముందు లేచునో తెలిసినంతగా ఆసామికి తెలియదు. ‘పిన్నిగారిని కూడ అడిగి వ్రాయుము’ అని మీరే పంపుడు.

అట్లని అన్నియు వ్రాయనక్కరలేదు. పదిమంది చదువు పుస్తకములో మీ అప్పుల వివరములు, అన్నదమ్ముల తగవులు, ఆధారు, బ్యాంకు నంబరులు ఉండకూడదు. ఎరువుకెంత, కూలికెంత యన్నది వ్రాయవచ్చును. ఆ సొమ్ము ఎవరివద్ద తెచ్చితిరో వ్రాయరాదు. వ్రాసియున్నచో కొట్టివేయించు హక్కు మీకున్నది. అతడు మీ ఇంటి అతిథియే గాని విచారణాధికారి కాడు.

కళాశాల కాలపట్టికయు పంట కాలమును కలిసి నడువవు. జూనులో నాటిన పసుపు మరుసటి సంవత్సరము గాని త్రవ్వకమునకు రాదు, అంతలో విద్యార్థి వెడలిపోవును. అతడు పోవుటకు ముందే పేజీలకు నకలు తీయించి, లేదా ఫోనులో ఫోటోలు తీయించి మీవద్ద నుంచుకొనుడు. మిగిలిన నెలలు మీ ఇంట చదువుకొను పిల్లలచేత అదే వరుసలో వ్రాయించుడు. మరుసటి ఏడు వచ్చు విద్యార్థికి మొదటి దినముననే ఆ నకలు చేతికిచ్చి, ఏ మడి వద్ద ఆగినదో అచ్చటి నుండి మొదలుపెట్టుమని చెప్పుడు.