పాత ప్రోగ్రాములలోకి తెలుగు వచ్చిన దారి

కంప్యూటరుకు అక్షరం తెలియదు, సంఖ్యే తెలుసు. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది మనుషులు చేసుకున్న ఒప్పందం. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణం అటువంటిదే. దానిలో ఉన్నవి 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని నియంత్రణ సంకేతాలతో అవి క్రమంగా నిండిపోయాయి. తర్వాత వచ్చిన యూనిక్స్ నిర్వహణ వ్యవస్థ, సీ భాష, వాటి మీద రాసిన అసంఖ్యాకమైన ప్రోగ్రాములు ఈ ఒప్పందాన్నే నమ్ముకున్నాయి.

ప్రపంచ లిపులన్నిటికీ ఒకే ఒప్పందం కావాలని 1991లో యూనికోడ్ తొలి ప్రమాణం వచ్చింది. అందులో తెలుగుకూ 128 స్థానాలు దక్కాయి. అప్పటి ఆలోచన ప్రకారం ప్రతి అక్షరానికీ రెండు బైట్లు. వినడానికి సులువుగా ఉన్న ఈ పద్ధతి పాత ప్రోగ్రాములకు ప్రాణాంతకం. సీ భాషలో సున్నా విలువ గల బైటు కనబడితే పాఠం అక్కడితో ముగిసినట్టు లెక్క. రెండు బైట్లలో రాస్తే ఇంగ్లీషు ‘ఎ’ కూడా 0, 65 అవుతుంది. అంటే మొదటి బైటు దగ్గరే పాఠం ఆగిపోతుంది. తెలుగుకు వేరే చిక్కు. యూనికోడ్‌లో ‘య’ సంఖ్య 3119. రెండు బైట్లుగా విడదీస్తే 12, 47. యూనిక్స్‌లో 47 అంటే డైరెక్టరీలను వేరుచేసే స్లాష్ గుర్తు. ఒక ఫైలుకు ‘యాత్ర’ అని పేరు పెడితే, ఆ పేరు మధ్యలో మరో డైరెక్టరీ ఉందని యూనిక్స్ భ్రమపడుతుంది.

1992 సెప్టెంబరులో బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుని దీనికి పరిష్కారం కనుగొన్నారు. అదే నేటి యూటీఎఫ్-8. అందులో ఆస్కీ అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఒక్కో బైటులో ఉంటాయి. మిగతా అక్షరాలకు రెండు, మూడు లేదా నాలుగు బైట్లు. వాటిలో ఏ ఒక్కటీ 128 కన్నా తక్కువ కాదు. మన ‘య’ ఇప్పుడు 224, 176, 175. సున్నా లేదు, స్లాష్ లేదు. మొదటి బైటే మొత్తం ఎన్ని బైట్లో చెబుతుంది. తర్వాతి బైట్లు ఎప్పుడూ 128కీ 191కీ మధ్యే ఉంటాయి కనుక, పాఠం మధ్యలో ఎక్కడ చదవడం మొదలుపెట్టినా అక్షరం హద్దు దొరుకుతుంది. కొద్దిరోజుల్లోనే తమ ప్లాన్ 9 వ్యవస్థను వారు దీనికి మార్చేశారు.

ఉన్న సాఫ్ట్‌వేర్‌ను కొత్త అవసరానికి మలచడంలో ఇంతకన్నా ఉదాత్తమైన ఉదాహరణ నాకు తెలియదు. పాత ప్రోగ్రాములు దేన్ని నమ్ముకున్నాయో ముందు గుర్తించి, ఆ నమ్మకాన్ని చెడగొట్టకుండా కొత్తదానికి చోటు చేశారు. తెలుగు అనే భాష ఉందని కూడా తెలియని ఎన్నో ప్రోగ్రాములు ఒక్క వరుసైనా మారకుండా తెలుగు పాఠాన్ని మోయగలిగాయి.

మూల్యం లేకపోలేదు. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లుతో సహా ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘సూర్యనారాయణ’లో అలాంటివి 11, అంటే 33 బైట్లు. ఇంగ్లీషు పేర్లను దృష్టిలో పెట్టుకుని డేటాబేసులో పేరుకు 30 బైట్లే కేటాయించిన చోట చివరి ‘ణ’ రాలిపోతుంది. 32 కేటాయిస్తే అదే అక్షరం సగంలో తెగుతుంది. అక్షరాన్ని దాచడం ఒక పని, వత్తులు గుణింతాలు కలిపి తెరమీద చూపడం మరో పని. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు చెందిన ఒక సంకేతాల కూర్పు తెరమీదికి రాగానే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

పాత వ్యవస్థలను తెలుగుకు మారుస్తున్న ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే. పరీక్షించేటప్పుడు ‘రామ’తో సరిపెట్టకండి. సూర్యనారాయణ, యజ్ఞేశ్వరరావు, లక్ష్మీనరసమ్మ వంటి పేర్లను ఎక్కించి, దాచి, వెతికి, ముద్రించి చూడండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా విడుదల ఆపండి.