పేగుల్లో కాపలా - ముర్రుపాలు

పోయిన నెల మా అక్క కూతురు పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. గంటలోగా బిడ్డకు పాలు పట్టమని నర్సమ్మ చెప్పి అటు వెళ్ళిందో లేదో, మా అమ్మ గిన్నె పట్టుకొచ్చి, "ఆ పచ్చపాలు పిండి పారబోయవే, పసిదానికి అరగవు" అంది.

ఇరవై ఏళ్ళ క్రితం మా పెద్దవాడికీ అంతే చేశారు. మూడు రోజులు పంచదార నీళ్ళే పోశారు. నేనూ నోరు మెదపలేదు. ఏడాది తిరిగేలోగా వాడికి నాలుగుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. దానివల్లే అని ఎవరూ చెప్పలేరు గానీ, ఆ పారబోసిన పాలలో ఏముందో తెలిశాక మనసు చివుక్కుమంటూనే ఉంటుంది. ఆ సంగతే ఇవాళ చెబుతాను.

మన చిన్నపేగు పొడవు ఇంచుమించు 20 అడుగులు. తిన్నది ఒంటికి పట్టాలంటే దాని లోపలి పొర పల్చగా ఉండక తప్పదు. ఒకే ఒక వరస కణాలు! అటుపక్క లెక్కలేనన్ని సూక్ష్మక్రిములు, ఇటుపక్క మన రక్తం. అందుకే ఒంట్లోని రక్షణ కణాల్లో పెద్ద భాగం పేగుల్లోనే కాపలా ఉంటుంది.

పొర మీద జిగురు పూత ఉంటుంది. పొర గుంటల అడుగున ఉండే కొన్ని కణాలు క్రిములను చంపే రసాలు వదులుతాయి. ఇక అసలు తమాషా చిన్నపేగు చివరి భాగంలో ఉంది. 1677లో పేయర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు అక్కడ ఉబ్బెత్తు మచ్చల్లాంటివి ఉన్నాయని వర్ణించి రాశాడు. అవి రక్షణ కణాల గుంపులు. బియ్యం కొనేటప్పుడు మనం గుప్పెడు మచ్చు తీసి చూస్తాం కదూ? అలాగే వాటి మీది ప్రత్యేక కణాలు పేగులోంచి క్రిముల మచ్చు తీసి లోపలి కణాలకు అందిస్తాయి. అవి ఆ క్రిమిని గుర్తుపట్టి, దానికి సరిపడే ఐజీఏ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేయడం నేర్చుకుంటాయి. ఈ ఐజీఏ సాధారణంగా క్రిమిని చంపదు. దాని ఒంటికి అంటుకుని, పేగుగోడను పట్టుకోనివ్వదు. పట్టు దొరకని క్రిమి మలంతో బయటికి పోతుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఇది రోజుకు 3 నుంచి 5 గ్రాములు తయారవుతుందట.

ఈ మచ్చు తీసే దారిలోనే దొంగలూ దూరతారండోయ్. టైఫాయిడ్ క్రిమి సరిగ్గా అక్కడినుంచే లోపలికి పోయి, తనను మింగేయాల్సిన కణాల్లోనే దాక్కుంటుంది. ఆ మచ్చలు వాచి పుండ్లు పడితే, మూడో వారంలో పేగుకు చిల్లి పడే ప్రమాదం కూడా ఉంది. జ్వరం తగ్గింది కదా అని మందులు మధ్యలో ఆపొద్దని డాక్టర్లు పోరేది ఇందుకే.

ఇక పాల సంగతి. పుట్టిన బిడ్డ పేగుల్లో సొంత ఐజీఏ దాదాపు ఉండదు. తయారవడానికి వారాలు పడుతుంది. అందాకా ఎవరు కాయాలి? బాలింత పేగులో పాఠం నేర్చుకున్న కణాలు కొన్ని రక్తంలో పడి ఆమె రొమ్ములకు చేరతాయి. అక్కడ తయారైన ఐజీఏ పాలలోకి దిగుతుంది. అంటే ఆ తల్లి తాగే నీళ్ళలో, తిరిగే ఇంట్లో ఉన్న క్రిములకు సరిపోయే రక్షణే బిడ్డకు అందుతుందన్నమాట. ఏ డబ్బాపాలూ మీ ఇంటి క్రిములను చూసి తయారు కావు కదా! పసుపు పచ్చటి ముర్రుపాలలోనే ఇది అన్నిటికంటే చిక్కగా ఉంటుంది.

మా అమ్మ అంతా విని గిన్నె కింద పెట్టింది. "అయితే తేనెచుక్కైనా నాకించొద్దంటావా?" అంది.

"ఆరు నెలల దాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదమ్మా" అన్నాను.

సణుక్కుంటూనే వెళ్ళి, మనవరాలి వీపు వెనక దిండు సర్ది, బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టింది.