అమ్మానాన్నలు చూడని కాలేజీ

టెక్సాస్ రాష్ట్రం పడమటి కొసన, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఎల్ పాసో అనే ఊరుంది. అక్కడి విశ్వవిద్యాలయాన్ని మొదటిసారి చూసినవాళ్లు తికమకపడతారు. ఎడారి కొండల మధ్య భూటాన్ కోటలు! లోపలికి వాలిన మందపాటి గోడలు, బాగా ముందుకు వచ్చిన చూరులు, గోడల పైభాగంలో రంగురంగుల పట్టీలు. 1914లో గనుల కాలేజీగా మొదలైన సంస్థ అది. అదే ఏడాది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చిన భూటాన్ ఫొటోలు అప్పటి డీన్ గారి భార్యకు తెగ నచ్చాయి. ఆ ముచ్చటే ఇవాళ్టికీ అక్కడి కట్టడాల శైలి. ఆ కొండ మీద నుంచి చూస్తే రియో గ్రాండే నదికి అవతల మెక్సికో దేశపు సియుదాద్ హువారెస్ నగరం కనిపిస్తుంది. పొద్దున్నే వంతెన మీద తనిఖీ క్యూలో నిలబడి, దేశం దాటి, క్లాసుకు వచ్చే పిల్లలూ ఉన్నారు. విద్యార్థుల్లో 80 శాతానికి పైగా హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు. తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తామే అయినవాళ్లకు అక్కడ కొదవ లేదు.

హిస్పానిక్ ఆడపిల్ల అమెరికాలో సైన్సో ఇంజనీరింగో చదవడమంటే ఏమిటో తెలియాలంటే హార్వర్డ్ కంటే ఇలాంటి చోటు నుంచి మొదలుపెట్టడం మేలు. ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది చదివేది ఇలాంటి కాలేజీల్లోనే, అదీ ఇంటి నుంచి రోజూ వెళ్లివస్తూ.

2020 జనగణన ప్రకారం అమెరికాలో హిస్పానిక్‌లు 6.2 కోట్లు, జనాభాలో 18.7 శాతం. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో వేసిన లెక్కలో దేశంలోని మొత్తం ఉద్యోగుల్లో వాళ్లు 17 శాతం ఉంటే, సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణిత రంగాల్లో 8 శాతమే. ఇక దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీలు అందుకునేవాళ్లలో ఏ జాతివాళ్లయినా సరే, ఆడపిల్లలు నాలుగో వంతుకు లోపే. ఈ రెండు తగ్గింపులూ కలిసి ఒకే మనిషి మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. బయాలజీలో పరిస్థితి చాలా నయం, అక్కడ ఆడపిల్లలే ఎక్కువ. అందుకే సైన్సునంతా ఒక్క గాటన కట్టి మాట్లాడితే అసలు సంగతి తప్పిపోతుంది.

డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటున్న మనవాళ్లతో ఈ ప్రస్తావన వస్తే తరచూ వినపడే మాట ఒకటుంది: "వాళ్లకు చదువు మీద ధ్యాస ఉండదండీ, ఇంట్లో పట్టించుకోరు." ఈ మాటలో న్యాయం లేదు. అమెరికాకు చేరిన తెలుగువాళ్లలో అత్యధికులు ఎంసెట్ దగ్గర ఒకసారి, వీసా కిటికీ దగ్గర ఇంకోసారి వడపోతకు గురై వచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలు పుట్టేసరికే ఇంట్లో రెండు డిగ్రీలుంటాయి. అలాంటి ఇంటిని ఇళ్ల పైకప్పులు వేసే మేస్త్రీ ఇంటితో, హోటల్ గదులు ఊడ్చే తల్లి ఇంటితో పోల్చి ధ్యాస సంగతి తేల్చడం ఎక్కడి తూకం? పోల్చాలనుకుంటే నూజివీడు, బాసర ట్రిపుల్ ఐటీల్లో చేరిన పల్లెటూరి పిల్లలతో పోల్చాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమా అని ఇంట్లో తొలి ఇంజనీరైన కూలి కుటుంబాల ఆడపిల్లలతో పోల్చాలి. అప్పుడు పోలికలు చాలానే కనిపిస్తాయి.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర ఎంపీసీ తీసుకున్న ప్రతి పిల్లా, ఏ మారుమూల జూనియర్ కాలేజీలో చదివినా, ఇంటర్ రెండేళ్లలో కాల్‌క్యులస్ చదివి తీరాల్సిందే. అమెరికాలో అలా కాదు. అక్కడ ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా అందుకున్న పిల్ల మామూలుగా పన్నెండో తరగతికి కాల్‌క్యులస్ చేరుకుంటుంది, ఒక ఏడాది వెనకబడితే చేరుకోదు. అసలు దేశంలోని హైస్కూళ్లలో దాదాపు సగంలో కాల్‌క్యులస్ చెప్పనే చెప్పరు. పన్నెండేళ్ల వయసులో ఏ లెక్కల క్లాసులో కూర్చున్నామన్నది పద్దెనిమిదేళ్లకు ఇంజనీరింగ్ అందుతుందా లేదా అన్నదాన్ని చాలావరకు తేల్చేస్తుంది. ఈ సంగతి చదువుకున్న తల్లిదండ్రులకు తెలుసు. బడికి వెళ్లి అడుగుతారు, పట్టుబట్టి మార్పిస్తారు. తెలియనివాళ్లు పంతులమ్మ మీద నమ్మకం ఉంచుతారు. నమ్మడం తప్పేమీ కాదు కదా.

కాలేజీలో చేరాక ఈ వెనకబాటు డబ్బు రూపం ఎత్తుతుంది. ఇంజనీరింగ్ పాఠాలన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి. మొదటి కాల్‌క్యులస్ అవ్వకపోతే కాల్‌క్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్ లేదు, ఆ ఫిజిక్స్ అవ్వకపోతే స్టాటిక్స్ లేదు, సర్క్యూట్లు లేవు. కొన్ని పాఠాలు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే చెబుతారు కాబట్టి ఒక్కటి తప్పితే ఏడాది జారిపోవచ్చు. పేద విద్యార్థులకు సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు 2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. దాన్ని జీవితకాలంలో పన్నెండు సెమిస్టర్లకు మించి ఇవ్వరు. ప్రీకాల్‌క్యులస్‌తో మొదలుపెట్టి, ఒకసారి కెమిస్ట్రీ తప్పి, మధ్యలో పనిగంటలు పెరిగి పాఠాలు తగ్గించుకున్న పిల్లకు ఆ పన్నెండు ఇట్టే కరిగిపోతాయి.

ఆ గ్రాంటు రావాలంటే ముందు ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. మామూలుగా 24 ఏళ్లు వచ్చేదాకా అందులో తల్లిదండ్రుల ఆదాయ వివరాలు కూడా ఇవ్వాల్సిందే. రాత్రి భోజనాలయ్యాక వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పదిహేడేళ్ల పిల్ల కూర్చుంటుంది. పక్కన నాన్న పన్నుల కాగితాలు. ప్రశ్న ఇంగ్లీషులో చదివి, స్పానిష్‌లో నాన్నకు చెప్పి, ఆయన చెప్పింది మళ్లీ ఇంగ్లీషులో రాయాలి. ఈ పని ఆమెకు కొత్తేమీ కాదు. చిన్నప్పటి నుంచీ ఆసుపత్రిలో, బ్యాంకులో, ఇంటి ఓనరు ముందు అమ్మకు దుబాసీ తనే. కానీ డాక్టరు మాట వేరు, ప్రభుత్వానికి కుటుంబం గుట్టంతా రాసివ్వడం వేరు. తల్లికో తండ్రికో దేశంలో ఉండేందుకు కాగితాలు లేకపోతే ఆ బల్ల దగ్గర భయం కూడా వచ్చి కూర్చుంటుంది. పిల్ల అమెరికాలో పుట్టిన పౌరురాలే అయినా సరే. 2023 డిసెంబరు ఆఖర్లో సరళం చేశామంటూ కొత్త దరఖాస్తు తెచ్చినప్పుడు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులు నెలల తరబడి దాన్ని పూర్తి చేయలేకపోయారు. తప్పు వాళ్లది కాదు, వ్యవస్థలోనిది. ఈలోగా గడువు తేదీలు దాటిపోతుంటే ఇబ్బంది పడింది మాత్రం ఆ పిల్లలు.

సమాఖ్య చట్టం లెక్కలో తల్లిదండ్రులిద్దరికీ నాలుగేళ్ల డిగ్రీ లేకపోతే ఆ విద్యార్థి మొదటి తరం కిందికి వస్తుంది. అక్క ఇంజనీరైనా చెల్లెలు కాగితం మీద మొదటి తరమే. అక్క ఉన్న చెల్లెలికీ లేని పిల్లకూ ఎంత తేడా ఉంటుందో ఇంట్లోవాళ్లకే తెలుసు. ప్రొఫెసర్ తలుపు మీద ఫలానా వారం, ఫలానా గంటలు అని రాసి ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా వెళ్లి పాఠం గురించి అడగొచ్చని చాలామందికి తెలియదు. ఆయన పని చేసుకునే వేళ కాబోలు, కదిలించకూడదనుకుంటారు. సామాజిక శాస్త్రవేత్త ఆంథొనీ ఏబ్రహాం జాక్ 2019లో వచ్చిన తన పుస్తకంలో పేదింటి పిల్లల విషయంలో ఈ సంగతినే పట్టి చూపించాడు. అమ్మో నాన్నో కాలేజీ చూసినవాళ్లయితే "వెళ్లి అడుగు, అందుకే కూర్చుంటాడాయన" అని ఒక్క ముక్క చెప్పేవాళ్లు.

ఇలాంటి పిల్లలు వెనకబడితే వెంటనే కుటుంబం మీదికి నేరం తోయడం పాత అలవాటే. 1970ల మధ్యలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రీస్‌మన్ అనే గణిత విద్యార్థి, కాల్‌క్యులస్‌లో నల్లజాతి పిల్లలు ఎందుకు తప్పుతున్నారని అధ్యాపకులను అడిగాడు. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు అన్నవే ఎక్కువమంది చెప్పిన కారణాలు. అతను అంతటితో ఊరుకోలేదు. పిల్లలు ఎలా చదువుతున్నారో చూద్దామని నెలల తరబడి వాళ్ల వెంట తిరిగాడు. పట్టుదలకు లోటు లేదు. పిల్లల్ని కాలేజీకి చేర్చడానికి ఎన్నో త్యాగాలు చేసిన తల్లిదండ్రులే అందరూ. తేడా ఇంకోచోట ఉంది. చైనీస్ అమెరికన్ పిల్లలు సాయంత్రం కలిసి కూర్చుని లెక్కలు చేసి, ఒకరి జవాబు ఒకరు దిద్దుకుంటున్నారు. నల్లజాతి పిల్లలు గది తలుపేసుకుని ఒంటరిగా చదువుతున్నారు. ఒంటరిగా చదివే పిల్లకు లెక్క రాకపోతే లోపం తనదే అనిపిస్తుంది. పక్కన నలుగురుంటే ఆ లెక్కే కష్టమైనదని తెలుస్తుంది.

ట్రీస్‌మన్ పెట్టిన విరుగుడు వర్క్‌షాపులు. వెనకబడినవాళ్ల కోసం నడిపే ట్యూషన్‌లా కాకుండా, మామూలు క్లాసు కంటే కఠినమైన లెక్కలిచ్చి గుంపుగా చేయించాడు. ఫలితాలు చూసి ఆ పద్ధతిని దేశమంతటా, హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువగా ఉన్న కాలేజీల్లో కూడా ఎత్తుకున్నారు. ఈ విషయం మీద నేను చదివినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది ఈ పాత పరిశోధనే. పాఠం పలచన చేయలేదు, పిల్లల్ని మార్చలేదు. వాళ్లు కూర్చునే తీరు మార్చాడు, అంతే.

2012లో మనస్తత్వ శాస్త్రవేత్త నికోల్ స్టీఫెన్స్ బృందం చేసిన ప్రయోగం దీనికి మరో వైపు చూపిస్తుంది. కాలేజీ కొత్త విద్యార్థులకు పంపే స్వాగత లేఖను రెండు రకాలుగా రాశారు. ఒకదాంట్లో "నీ దారి నువ్వే వేసుకో, స్వతంత్రంగా ఆలోచించు" అనే ధోరణి. రెండోదాంట్లో "కలిసి నేర్చుకో, కలిసి పరిశోధించు" అనే ధోరణి. తర్వాత అక్షరాలు కలగాపులగంగా ఇచ్చి మాటలు కట్టమన్నారు. మొదటి ఉత్తరం చదివినప్పుడు మొదటి తరం పిల్లలు వెనకబడ్డారు. రెండోది చదివినప్పుడు ఆ తేడా మాయమైంది. ఇది హిస్పానిక్‌ల మీద మాత్రమే చేసిన ప్రయోగం కాదు. కానీ ఇంటిల్లిపాదీ ఒకరి కోసం ఒకరు బతికే ఇంటి నుంచి వచ్చి, "నీ కోసం నువ్వు" అనే క్యాంపస్‌లో అడుగుపెట్టిన పిల్లకు కాళ్ల కింద నేల ఎందుకు కదిలినట్టుంటుందో అది చెబుతుంది. శనివారం ల్యాబు ఉన్నరోజే అమ్మమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఆ పిల్ల అమ్మమ్మతోనే వెళ్తుంది. దాన్ని చదువు మీద శ్రద్ధ లేకపోవడమని రాసుకునే అధ్యాపకుడికి ఆమె గురించి తెలిసింది తక్కువే.

హిస్పానిక్ స్త్రీలలో తొలిసారి అంతరిక్షానికి వెళ్లిన ఎలెన్ ఒచోవా కథలో ఇల్లు ఎలాంటి బలమో కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని లా మెసాలో పెరిగింది. ఆమె పసిపిల్లగా ఉన్నప్పుడే తల్లి కాలేజీలో పేరు నమోదు చేసుకుంది. అయిదుగురు పిల్లల్ని పెంచుతూ కొద్దికొద్దిగా పాఠాలు తీసుకుంటూ డిగ్రీ చేతికి వచ్చేసరికి 22 ఏళ్లు పట్టింది. అప్పటికి కూతురు 1980లో శాన్ డియాగో స్టేట్‌లో ఫిజిక్స్ డిగ్రీ పుచ్చుకుని స్టాన్‌ఫోర్డ్ చేరింది. శాన్ డియాగోలో ఉన్నప్పుడు ఏం చదవాలో తేల్చుకుందామని వెళ్తే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఆమెను నిరుత్సాహపరిచాడు, ఫిజిక్స్ ప్రొఫెసర్ రమ్మన్నాడు. తమాషా ఏమిటంటే, 1985లో స్టాన్‌ఫోర్డ్ ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లోనే. 1993లో డిస్కవరీ షటిల్ ఎక్కింది, 2013లో హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్ డైరెక్టరైంది.

ఒచోవా కంటే ముందే న్యూ మెక్సికోకు చెందిన లిడియా వియా-కోమరాఫ్‌కు కెమిస్ట్రీ ఆడవాళ్లకు తగదని సలహాదారే చెప్పాడు. ఆమె బయాలజీకి మారింది. బ్యాక్టీరియా చేత ఇన్సులిన్ తయారు చేయించవచ్చని చూపిన 1978 నాటి పరిశోధన పత్రంలో మొదటి పేరు ఆమెదే. అయితే ఆమె మొదటి తరం కాదు. కాలేజీ ముఖం మొదట చూసింది ఆమె తల్లిదండ్రులు.

కొలంబియా నుంచి పదిహేడేళ్లకు మూడు వందల డాలర్లతో మయామీలో దిగి, ఇళ్లు శుభ్రం చేస్తూ కమ్యూనిటీ కాలేజీలో చదివి, నాసా మార్స్ రోవర్ల దాకా వెళ్లిన డయానా త్రుహీయో కథ అమెరికా పత్రికలకు చాలా ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ ఇళ్లు ఊడుస్తూ రాకెట్ శాస్త్రం చదివిన ఒక్కరిని చూపించి, ఊడవలేక చదువు మానేసిన వందమందిని మరిచిపోవడం సులువు. 2019లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనంలో సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల్లో చేరిన హిస్పానిక్ విద్యార్థుల్లో 37 శాతం మధ్యలో వేరే కోర్సుకు మారిపోయారు, తెల్లవాళ్లలో అలా మారింది 29 శాతం. వ్యవస్థ బాగుంటే అసాధారణులు కానివాళ్లు కూడా ఇంజనీర్లవుతారు.

ఎల్ పాసో విశ్వవిద్యాలయాన్ని 1988 నుంచి 2019 దాకా నడిపిన డయానా నతాలీసియోకు ఈ ఎరుక ఉండేది. ఆమెదీ కాలేజీ చదవని తల్లిదండ్రుల ఇల్లే. పిల్లలు బయట బర్గర్ల దుకాణంలో చేసే గంటల్ని క్యాంపస్ లోపలికి మళ్లించాలన్నది అక్కడ ఆమె హయాంలో బలపడిన ఆలోచన. ల్యాబులో పరిశోధన చేస్తే జీతమివ్వడం, సీనియర్ పిల్లల చేత జూనియర్లకు పాఠం చెప్పించి జీతమివ్వడం. అప్పుడు ఇంటికి డబ్బూ వస్తుంది, చదువుకూ దూరం కాదు. ప్రవేశాలు బిగించకుండానే ఆ సంస్థ 2019 నాటికి పరిశోధనలో దేశంలోని అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాల జాబితాకెక్కింది.

ఈ పనులకు డబ్బు కావాలి. విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్‌లుండే కాలేజీలకు 1992 చట్టం ప్రత్యేక గుర్తింపునిచ్చింది. ఇవాళ అలాంటివి సుమారు 600. దేశంలోని హిస్పానిక్ డిగ్రీ విద్యార్థుల్లో దాదాపు మూడింట రెండొంతులు వీటిలోనే ఉన్నారు. ఈ కాలేజీలకిచ్చే గ్రాంట్లు జాతి ఆధారంగా ఉన్నాయి కాబట్టి రాజ్యాంగ విరుద్ధమంటూ 2025 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖ వాటిలో చాలావాటిని ఆపేసింది. నిజానికి ఆ డబ్బుతో కట్టిన ల్యాబులో కూర్చోవడానికి ఎవరూ ఏ జాతని అడగరు, కాలేజీలో చేరిన ఎవరైనా వాడుకోవచ్చు. ఇలాంటి కోతల్లో భవనాలు నిలబడే ఉంటాయి. ముందుగా పోయేవి ట్యూటర్ల గంటలు, ముఖ్యంగా సాయంత్రం ఆరు దాటాక తెరిచి ఉండే గంటలు. పగలు పనిచేసి రాత్రి లెక్కలు చేసుకునే పిల్లలకు అందేవి ఆ గంటలే.